కొండనుంచి కుళాయి దాకా

చుట్టాల్ని సాగనంపడానికి అవుటర్ రింగురోడ్డు మీద శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తుంటే, ఒకచోట పిల్లలు "అదిగో సముద్రం!" అని కేకలేస్తారు. పెద్దవాళ్లం మాత్రం పాస్‌పోర్టు తెచ్చారా, ఆవకాయ సరిగ్గా కట్టారా అన్న ధ్యాసలో ఉంటాం. అది సముద్రం కాదు, హిమాయత్‌సాగర్. దాని కథ మన వంటింటి కథే.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. ఆ వైపునుంచే ఈసీ వాగూ వస్తుంది. రెండూ బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. వేసవిలో సన్నగా పారే ఈ ఏళ్లే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తాయి. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ స్వయంగా ఒడ్డుకొచ్చి మూసీకి చీర, సారె సమర్పించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలిగిన ఆడపడుచుకు పుట్టింటివాళ్లు చేసే మర్యాద అదే కదా!

కానీ చీరతోనే తీరే అలకా అది? మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. వరద ఊరు చేరకముందే పైన ఆపి, నిలవబెట్టి, మెల్లిగా వదలమన్నారాయన. పొంగే పాలకు పెద్ద గిన్నె పెట్టినట్టన్నమాట. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో. ఏడవ నిజాం పెద్దకొడుకు హిమాయత్ అలీఖాన్ పేరే దానికి పెట్టారు. వరదకని కట్టినవి దాహానికీ అక్కరకొచ్చాయి. 1965లో మంజీర నీళ్లు వచ్చేదాకా పట్నం కుళాయిలకు ఇవే పెద్దదిక్కు.

గిన్నె ఉంటే చాలదు, అందులోకి నీళ్లు రావాలి, అవి శుభ్రంగానూ ఉండాలి. అందుకే 1996లో 111 నంబరు జీవో వచ్చింది. చెరువులకు 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల్లో, కట్టడాలకు కళ్లెం వేసింది. 2008లో విమానాశ్రయం తెరిచాక చుట్టుపక్కల నేల బంగారమైంది. కళ్లెం పడిన ఊళ్లలో రైతు ఇంట్లోనూ పెళ్లీడు పిల్ల ఉంటుంది. పక్క ఊరి ధర తన పొలానికి రాకపోతే ఆ తల్లికి బాధ ఉండదూ? 2022లో ప్రభుత్వం ఆ కట్టడిని సడలించింది. ఆమె బాధ నిజమే. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే దిగువ బస్తీల్లో గుండెలు చేత్తో పట్టుకున్న తల్లుల బాధా నిజమే. పరిహారం ఇచ్చి ఆమెను ఆదుకోవచ్చు. పూడిపోయిన వాగును ఏమిచ్చి తెస్తాం?

ఈసారి పిల్లలు కేకేస్తే చెప్పండి: "సముద్రం కాదురా, మీ తాతమ్మ బిందెలోని నీళ్లు!"