పన్ను సున్న, భయం మిగులు

మా మేనల్లుడు అమెరికాలో పన్ను పత్రాలు పూరించి యిచ్చే వృత్తిలో ఉన్నాడు. జనవరి చివర మొదలు ఏప్రిల్ 15 దాకా వాడికి పలుకరించే తీరిక ఉండదు. ఒకసారి ఆ సంరంభం ముగిశాక ఫోను చేసి, "మామయ్యా, వేలకు వేలు పన్ను కట్టేవాళ్ళ పత్రం మీద సంతకం చేసేటప్పుడు లేని జంకు, పన్ను సున్న అయినవాళ్ళ దగ్గర కలుగుతోంది" అన్నాడు. కట్టవలసినదే లేనివాణ్ణి తనిఖీ చేసి సర్కారు రాబట్టేదేముంది? ఆ సందేహం వదలక కొంత చదివాను.

మూలం 1975లో ఉంది. సెనేటర్ రసెల్ లాంగ్ ఎన్నో యేళ్ళు వాదించిన ఆలోచన, ఆ మార్చిలో ఫోర్డు అధ్యక్షుడు సంతకం చేసిన చట్టంలో 'సంపాదిత ఆదాయపు క్రెడిట్'గా చేరింది. పిల్లలున్న కూలి కుటుంబానికి మొదటి 4,000 డాలర్ల సంపాదనపై నూటికి పది చొప్పున, అంటే 400 డాలర్ల దాకా. విశేషమేమంటే, పన్ను సున్న అయిన పిమ్మట కూడా మిగిలినది సొమ్మై చేతికి వస్తుంది. రఘువంశంలో దిలీపుడు గ్రహించే పన్నును కాళిదాసు సూర్యుడు పీల్చే నీటితో పోల్చాడు గదా. తరగతిలో ఆ పోలిక చెప్పినప్పుడల్లా అతిశయోక్తి అనుకొనేవాణ్ణి!

సొమ్ము చేతికి వస్తుందన్నచోట అనుమానమూ వస్తుంది. 1986 నాటి చట్టం ఐదేళ్ళు నిండిన ఆశ్రితులకు సోషల్ సెక్యూరిటీ సంఖ్య వ్రాయాలన్నది. ఆ నిబంధన అమలయ్యేసరికి సుమారు 70 లక్షల మంది పిల్లలు పత్రాలలోనుండి మాయమయ్యారు. దేశమంతటా పుట్టని బిడ్డలన్నమాట! 1997లో ఆ అనుమానపు బరువు పత్రం పూరించేవాని భుజాన కూడా పడింది. అడగవలసిన ప్రశ్నలు అడిగి, జవాబులు వ్రాసి ఉంచకపోతే పత్రానికి 100 డాలర్ల జరిమానా. 2011 చట్టంతో అది 500 అయింది. 2015లో పిల్లల క్రెడిట్‌కు, కళాశాల చదువు క్రెడిట్‌కు కూడా ఆ నియమం విస్తరించింది.

ప్రశ్నలు చూడడానికి చిన్నవే. బిడ్డ ఏడాదిలో సగానికి మించి ఎవరి ఇంట ఉన్నాడు? మన ఉమ్మడి కుటుంబాలలో ఈ ప్రశ్న వేస్తే ఎవరు తేల్చగలరు? అక్కడి పేదల ఇళ్ళలోనూ అంతే. తనిఖీ మాత్రం తపాలా ద్వారా జరుగుతుంది. బడి నుండి, వైద్యుని నుండి కాగితాలు తెమ్మంటారు. తేలేకపోతే క్రెడిట్ పోతుంది. అధికారి ముఖం చూడనక్కరలేదు గనుక సర్కారుకు ఇది చౌక. దాని ఫలితం 2019లో వెల్లడైంది. దేశంలో అన్నింటికన్న ఎక్కువగా తనిఖీకి గురయ్యేది మిసిసిపీ రాష్ట్రంలోని హంఫ్రీస్ కౌంటీ. అక్కడివారు అత్యధికులు నల్లజాతివారు, పేదలు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, నల్లజాతివారికి తనిఖీ ఇతరులకన్న సుమారు మూడు నుండి ఐదు రెట్లు ఎక్కువని లెక్కగట్టారు. ఆదాయశాఖ అధిపతి వెర్ఫెల్ ఆ యేడే ఆ తేడా నిజమేనని అంగీకరించాడు. ధనికుని చిక్కు లెక్కలు విప్పడానికి నిపుణులు కావాలి, పేదవానికి ఒక ఉత్తరం చాలు. ఈ న్యాయం నాకు మింగుడుపడలేదు.

మేనల్లుని వద్దకు ఒక ఫిబ్రవరి చివర ఒక అమ్మమ్మ వచ్చిందట, మనవణ్ణి పెంచుకొంటున్నది. క్రెడిట్లతో పన్ను సున్నయి, పైగా కొంత రావలసి ఉంది. ఆమె చిరునామా ఒకటి, మనవని బడి కాగితంలో మరొకటి. వీడు అనుమానించి, బడివారి ఉత్తరం తెస్తేనే సంతకం పెడతానన్నాడు. ఆమె తెచ్చింది. అంతా సక్రమమే, ఇల్లు మారారంతే. ఉత్తరానికి మూడు వారాలు పట్టింది. ఆ నెల అద్దె కట్టలేక ఆమె చెవిదుద్దులు అమ్ముకొందని వీడికి మరుసటి యేడు తెలిసింది.



"నేను చేసింది తప్పా మామయ్యా?" అని అడిగాడు. నలభై యేళ్ళు జవాబులు దిద్దినవాణ్ణి, వెంటనే ఏమీ చెప్పలేకపోయాను.