తిరువొత్తియూరు దారిలో విదేశీ సరకు: ఓడ, విమానం, పత్రాలు

చెన్నై నగరానికి ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న తిరువొత్తియూరు తెలుగువారికి త్యాగరాజస్వామి క్షేత్రంగా సుపరిచితం. ఎగుమతిదారులకు మాత్రం ఇది కంటైనర్ల దారి. దక్షిణాన 1881 నాటి చెన్నై ఓడరేవు, ఉత్తరాన 2001లో ప్రారంభమైన ఎన్నూరు రేవు (నేటి కామరాజర్ రేవు), దానికి చేరువలో కాట్టుపల్లి రేవు ఉన్నాయి. వీటి నడుమ తిరువొత్తియూరు, మణలి ప్రాంతాలలో కంటైనర్ సరకు కేంద్రాలు వెలిశాయి. చిత్తూరు ప్రాంతపు మామిడి గుజ్జు, గ్రానైటు విదేశాలకు తరలేది ప్రధానంగా చెన్నై మీదుగానే.

ఈ ఊరికి దూరదేశ వాణిజ్యం కొత్త కాదు. 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఇంగ్లండు నుంచి వచ్చిన విడిభాగాలను కూర్చి బుల్లెట్ మోటారు సైకిళ్లను తయారుచేసింది. 1977 నుంచి తిరువొత్తియూరు బండ్లే తిరిగి బ్రిటన్‌కు ఎగుమతి అయ్యాయి.

ఓడా? విమానమా?

బరువైనది, నిల్వ ఉండేది ఓడకు. విలువైనది, త్వరగా చెడిపోయేది విమానానికి అన్నది స్థూల సూత్రం. ఇరవై అడుగుల కంటైనరు లోపలి పరిమాణం సుమారు 33 ఘనపు మీటర్లు. మామిడి గుజ్జు పీపాలు దానిలో సాధారణంగా 80 పడతాయి. కంటైనరు నిండనంత సరకు ఉంటే ఇతరుల సరకుతో కలిపి పంపవచ్చు. విమానంలో అసలు బరువు, పరిమాణపు బరువులలో ఏది ఎక్కువైతే దానికే రుసుము. ఘనపు మీటరు సరకును దాదాపు 167 కిలోలుగా లెక్కిస్తారు. కనుక తేలికైన పెద్ద పెట్టెలకు ఖర్చు అధికం.

పత్రాల విలువ

విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఎగుమతి దిగుమతి కోడ్ మొదటి అవసరం. తరువాత ఇన్వాయిస్, ప్యాకింగ్ జాబితా, కస్టమ్స్‌కు షిప్పింగ్ బిల్లు. 2016 జూలై 1 నుంచి ధ్రువీకరించిన బరువు తెలుపనిదే కంటైనరును ఓడకు ఎక్కించరు.

ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ సరకుపై హక్కును తెలిపే పత్రం. 'ఆర్డర్' పద్ధతిలో రాసిన మూలప్రతి చేతికి అందనిదే కొనుగోలుదారుకు సరకు దక్కదు. విమాన సరకు రసీదుకు ఆ హక్కు లేదు. దానిలో పేరున్నవారికే సరకు అప్పగిస్తారు. సొమ్ము ముట్టక ముందే కొనుగోలుదారు పేరు రాస్తే అమ్మకందారు పట్టు సడలినట్లే. అందువల్ల బ్యాంకు సమ్మతితో బ్యాంకు పేర రాయించుకోవడం మేలు.

బాధ్యత ఎక్కడ మారుతుంది?

ఎఫ్.ఓ.బి. ఒప్పందంలో సరకు ఓడపైకి చేరేవరకు నష్టభయం అమ్మకందారుదే. కంటైనరు రేవులో ఉండగా ప్రమాదం జరిగినా ఆ నష్టం అతనిదే అవుతుంది. కంటైనర్లకు ఎఫ్.సి.ఏ. షరతు అనువైనది, రవాణాదారుకు అప్పగించగానే బాధ్యత మారుతుంది.

బీమాను ఖర్చుగా చూడరాదు. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ నౌక చిక్కుకున్నప్పుడు దాని యజమానులు 'జనరల్ యావరేజ్' ప్రకటించారు. అనగా ఓడను కాపాడిన ఖర్చులో సరకు యజమానులూ వాటా భరించాలి. బీమా లేనివారు సొంతంగా హామీ సొమ్ము కట్టవలసి వస్తుంది.

గడువులు

రేవు గేటు మూసే వేళలోగా కంటైనరు చేరకపోతే ఓడ ఆగదు. తరువాతి ఓడకు మారితే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లోని రవాణా తేదీ దాటిపోయి, బ్యాంకు చెల్లింపును నిరాకరించవచ్చు. ఎన్నూరు మార్గంలో లారీలు బారులు తీరిన సందర్భాలు అనేకం. కనుక కనీసం ఒక రోజు అదనంగా చేర్చుకొని బయలుదేరదీయాలి. 2023 నవంబరులో ఎర్రసముద్రంలో మొదలైన దాడుల వల్ల ఐరోపా ఓడలెన్నో ఆఫ్రికా కొనను చుట్టి వెళ్లాయి. ప్రయాణం వారానికి పైగా పెరిగింది. ఒప్పందంలో తేదీ రాసేటప్పుడే ఇటువంటి ఆలస్యాలకు చోటు ఉంచుకోవాలి. సంతకమైన తరువాత తేదీని సవరించాలంటే కొనుగోలుదారు అంగీకారంతోపాటు లెటర్ ఆఫ్ క్రెడిట్ జారీచేసిన బ్యాంకు అంగీకారమూ కావాలి.