రాయలసీమ మిషను వైద్యచరిత్రలో పసిబిడ్డ: క్షయవ్యాధిపై ఒక పరిశీలన

కడప, కర్నూలు ప్రాంతాల సంఘచరిత్ర వ్రాసేటప్పుడు మనం ఆసుపత్రులను, వాటిని కట్టిన మిషనెరీలను లెక్కిస్తాం. జమ్మలమడుగు కాంప్‌బెల్ ఆసుపత్రి, మదనపల్లె వద్ద ఆరోగ్యవరం క్షయ శానటోరియం ఆ లెక్కలో తప్పక ఉంటాయి. (1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మదనపల్లె కడప జిల్లాలోదే.) అయితే క్షయ సోకిన పిల్లలు ఈ చరిత్రలో ఎక్కడున్నారని అడిగితే జవాబు అంత సులభంగా దొరకదు.

ఇందుకు కారణం కొంత వ్యాధి స్వభావంలోనే ఉంది. పెద్దలు తెమడ ఉమ్మి ఇస్తారు, సూక్ష్మదర్శినిలో క్రిమి కనబడుతుంది. చిన్నపిల్లలు తెమడను మింగివేస్తారు, పైగా అందులో క్రిములూ తక్కువే. కాబట్టి తెమడ పరీక్షపై ఆధారపడిన లెక్కలన్నీ వారిని చాలావరకు విడిచిపెట్టాయి. పలు మిషనులు కలిసి స్థాపించగా 1915లో డా. క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ ఆధ్వర్యంలో ప్రారంభమైన ఆరోగ్యవరం చికిత్స కూడా మంచి గాలి, విశ్రాంతి, ఆహారం మీద నడిచింది. నెలల తరబడి పడకపై ఉండగల రోగికి అది సరిపోతుంది. మెదడుపొరలకు క్షయ సోకిన బిడ్డకు అంత వ్యవధి ఎక్కడిది? స్ట్రెప్టోమైసిన్ రాకముందు ఆ బిడ్డ బ్రతకడం అరుదు.

బిడ్డను లెక్కలోకి తెచ్చింది చర్మంపై చేసే ట్యూబర్క్యులిన్ పరీక్ష. మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి (1948). 1950 నుండి డా. జోహన్నెస్ ఫ్రిమోడ్ మోలర్ బృందం చుట్టుపక్కల గ్రామాలలో జనసముదాయమంతటినీ పరీక్షించే అధ్యయనం సాగించింది. ఆరోగ్యవరం చరిత్రలో భవనాలకన్నా ఇదే ముఖ్యమైన మలుపని మేము భావిస్తున్నాము. ఎందుకంటే పసిబిడ్డకు క్షయ సోకిందంటే ఆ ఇంట్లోనో, వీధిలోనో దగ్గుతున్న పెద్దవారెవరో ఉన్నారన్నమాట.

1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద అధ్యయనం, బి.సి.జి. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపడం లేదని 1979లో తెలిపింది. అయినా పసివారిలో మెదడుపొరల క్షయ నుండి, ఒళ్లంతా వ్యాపించే క్షయ నుండి అది కాపాడుతుంది గనుక పుట్టిన వెంటనే వేస్తూనే ఉన్నారు. నేడు పిల్లలలో ఎక్కువగా ఛాతీలోని క్షయ, మెడ గ్రంథుల వాపు కనబడతాయి.

రోగి ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలకు ఇస్తూ వచ్చిన నివారణ మందును 2021 మార్గదర్శకాలు ఇంటివారందరికీ విస్తరించాయి. కాని కోసిగి, ఆదోని ప్రాంతాల నుండి బిడ్డలతో సహా గుంటూరు మిరపకోతలకు వెళ్లే కుటుంబాలకు నెలల తరబడి మందు ఇచ్చేదెవరు? ఏ ఇంటికి తాళం పడిందో, వారు ఏ ఊరు చేరారో గ్రామ సంఘకాపరికి తరచుగా తెలిసే ఉంటుంది. ఆ సమాచారం ఆరోగ్య కార్యకర్తకు అందుతున్నదా అన్నది మన పరిశోధకులు ఊరూరా తిరిగి తెలుసుకోవలసిన విషయం.