రాషా, అస్రోల్, దూలగొండి

మా అబ్బా ఉర్దూ దస్తూరీకి మొహల్లాలో మంచి పేరుండేది. షాదీ రుఖాలు ఆయన చేతే రాయించుకునేవారు. ఆ అక్షరాలు రానురాను చిన్నవైపోతుంటే ‘ఉమర్ హోగై బేటా’ అని నవ్వేవారు. మేమూ నమ్మాం. రెండేళ్ల తర్వాత, చాయ్ కప్పు సాసరు మీద టకటకలాడుతుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పార్కిన్సన్స్ అన్నారు. అబ్బా మాత్రం ‘రాషా అను’ అన్నారు. వణుకుడు మర్జ్‌కి హకీములు పెట్టిన పేరది.

ఇంతలో మా చిచ్చా ఒక డబ్బా పట్టుకొచ్చాడు. దూలగొండి గింజల పొడి. ఉర్దూలో కౌంచ్. ‘గోలీలు మానెయ్ భాయీ, మన పెద్దలకు ఇదంతా ముందే తెలుసు’ అన్నాడు. అబ్బా నా వైపు చూశారు. జవాబు కోసం నేను తారీఖ్ తిరగేశాను.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురి గురించి రాసి ఈ జబ్బును లోకానికి చూపించాడు. లక్షణాలు తెలిశాయి, సబబ్ తెలియలేదు. అది తెలియడానికి సర్పగంధి వేరు సాయపడింది. హకీములు దాన్ని అస్రోల్ అంటారు. ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ 1931లో ఆ వేరు నుంచి ఒక పదార్థం తీసి, హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అన్నారు. అదే వేరు నుంచి 1952లో స్విస్ శాస్త్రవేత్తలు రెసర్పిన్ తీశారు. అది రక్తపోటుకు దవా అయింది.

1957లో స్వీడన్‌లో అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఇస్తే కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఇస్తే మళ్లీ లేచాయి. మెదడులో ఎల్-డోపాయే డోపమైన్‌గా మారుతుంది. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లను పరీక్షిస్తే డోపమైన్ బాగా తక్కువగా ఉంది. మరుసటి ఏడాదే రోగులకు ఎల్-డోపా సూది వేశారు. 1967లో అమెరికాలో కోట్జియాస్ దాన్ని నోటిద్వారా ఇచ్చి ఫలితం చూపించాడు. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ వచ్చింది.

మరి దూలగొండి? దాని గింజల నుంచి మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లోనే ఎల్-డోపా తీశారు. అంటే చిచ్చా మాట పూర్తిగా ఝూట్ కాదు. కానీ అది రాషాకు ఎందుకు, ఎంత ఇవ్వాలో తెలియడానికి ఇంకో ముప్పై ఏళ్లు తహ్‌కీఖ్ జరగాల్సి వచ్చింది. జవాబు ముందే దొరికింది, సవాల్ తర్వాత వచ్చింది.

అబ్బాకు ఇదే చెప్పాను. గోలీలో మోతాదు లెక్క ఉంటుంది, పొడిలో ఒక్కో గింజకు ఒక్కో లెక్క. గోలీలు ఒక్కసారిగా మానితే జాన్‌కే ఖతర్. రెండూ కలిపితే మోతాదు మించొచ్చు. ఆయన డబ్బా మూతపెట్టారు.

ఇంకో మాట కూడా దాచలేదు. ఎల్-డోపా లోటు తీరుస్తుంది, కణాలు చావకుండా ఆపదు. 1997లో ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ మీద షక్ మొదలైంది. అది మెదడులో ఎందుకు పేరుకుంటుందో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

మీ ఇంట్లో పెద్దల దస్తూరీ చిన్నదవుతుంటే ఉమర్ అని ఊరుకోకండి. మేం రెండేళ్లు ఊరుకున్నాం.