పంటి కొలతలో పరిణామ చరిత్ర: తెలుగు నేల శిలాజ క్షీరదాల దేహ పరిమాణం, జాతుల విస్తరణ

ఒడిశాలోని చికిటి, బరంపురం పరిసరాల కొండల్లో కనిపించే ఖోండలైటు ఒకనాటి మట్టి, ఇసుక పొరల నుంచి ఏర్పడిన రాయే అయినా, క్షీరదాలు పుట్టడానికి ఎంతో ముందే భూగర్భపు వేడిమికి, ఒత్తిడికి రూపు మారిపోయినందువల్ల అందులో వాటి శిలాజాలు దొరికే అవకాశం లేదు. అయితే పరిణామ శాస్త్రానికి ఒడిశాతో మరొక బంధం ఉంది. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1949లో పరిణామ వేగానికి ‘డార్విన్’ అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. ఒక అవయవపు కొలత పది లక్షల ఏళ్ళలో దాదాపు 2.718 రెట్లు మారితే ఆ వేగం ఒక డార్విన్. ప్రాణహిత–గోదావరి లోయలోని జురాసిక్ కాలపు కోట శిలాశ్రేణిలో దొరికిన పంటి ఆధారంగా 1981లో వర్ణించిన కోటాథీరియం హాల్డేనీ అనే తొలినాటి క్షీరదం ఆయన పేరునే ధరించింది.

వంశం సాగేకొద్దీ దేహం పెరుగుతుందనే భావనను ‘కోప్ నియమం’ అంటారు. ఉత్తర అమెరికా శిలాజ క్షీరదాల్లో సంతతి జాతులు పూర్వ జాతులకన్నా సగటున 9 శాతం పెద్దవని పురాజీవ శాస్త్రవేత్త జాన్ ఆల్రాయ్ 1998లో చూపారు. అంతకుముందే 1973లో స్టీవెన్ స్టాన్లీ, కొత్త వర్గాలు సాధారణంగా చిన్న జీవులతో మొదలవుతాయనీ, చిన్నతనానికి ఒక హద్దు ఉన్నందున విస్తరణ పెద్ద పరిమాణాల వైపే సాగుతుందనీ వివరించారు. తెలుగు నేల సాక్ష్యాన్ని బట్టి చూస్తే ఈ రెండవ వివరణే బలమైనది.

నాటి రంగారెడ్డి జిల్లా నస్కల్ వద్ద, దక్కను లావా పొరల మధ్య చిక్కుకున్న మడుగుల మట్టిలో దొరికిన దక్కనోలెస్టెస్ హిస్లోపీని 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని వర్ణించారు. దాని దవడపళ్ళు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. అంటే అది చిట్టెలుకంత జీవి. అక్కడే దానికన్నా కాస్త పెద్దదైన దక్కనోలెస్టెస్ రోబస్టస్ 1994లో వెలుగు చూసింది. ఈ జీవుల చీలమండ ఎముకలు చెట్లెక్కే జీవనాన్ని సూచించాయి. డైనోసార్లు ఇంకా బతికి ఉన్న ఆ కాలంలోనే, దేహం ఏనుగంత కాకముందే, జాతులు చీలాయి, చెట్టుకొమ్మ మీది బతుకూ దక్కింది. దేహం పెరగడమే వైవిధ్యానికి మూలమని చెప్పడం ఈ ఆధారం ముందు నిలవదు. భారీ దేహాలు 6.6 కోట్ల ఏళ్ళనాటి మహావినాశం తరువాత వచ్చినవి.

కర్నూలు ప్రాంతపు బిలసర్గం గుహలు ఈ పరిణామ చరిత్ర చివరి అంకానికి సంబంధించినవి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలో తవ్వించిన ఆ గుహల్లో గుర్తించిన 21 క్షీరద వర్గాల్లో ఒకటి తప్ప మిగిలినవన్నీ కనీసం గత లక్ష ఏళ్ళుగా, వాటిలో చాలావరకు రెండు లక్షల ఏళ్ళుగా ఉపఖండంలో కొనసాగుతూ వచ్చాయని 2014లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

ఈ శిలాజాలన్నీ ఒకే తీరుగా దొరకవు. పెద్ద ఎముక కంటికి తానే కనబడుతుంది; మిల్లీమీటరు పన్ను మట్టిని నీళ్ళతో కడిగి, సన్నని జల్లెడ పడితేనే దొరుకుతుంది. కాబట్టి ప్రాణహిత లోయలోనూ, లావా పొరల నడుమ మిగిలిన తావుల్లోనూ ఆ ఓపికగల పనిని యువ పరిశోధకులు విస్తృతంగా చేపట్టాలి.