అమ్మకమునకు నోచని విభజన

అడిక్‌మెట్‌లో తరతరములుగా కాపురమున్న కుటుంబమేదైనను తన కరెంటు బిల్లులను భద్రపరచియున్నచో, నైజాము ప్రభుత్వ విద్యుచ్ఛాఖ, 1959 ఏప్రిల్ 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు, 2000లో వెలసిన ఏపీ సీపీడీసీఎల్, 2014లో దానికి వారసురాలైన టీఎస్ఎస్‌పీడీసీఎల్ అని వరుసగా మారిన పేర్లు వానిపై కనబడును. పేర్లెన్ని మారినను యాజమాన్యము మాత్రము ప్రభుత్వమును వీడలేదు.

కోస్తా జిల్లాల కథ వేరు. అచ్చట పెక్కు పట్టణములకు వెలుగునిచ్చినవి లైసెన్సు పొందిన ప్రైవేటు కంపెనీలే. వానిని స్వాధీనపరచుకొనుటకు 1949లో మద్రాసు శాసనసభ చేసిన చట్టమును రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ ప్రతిఘటింపగా, అట్టి చట్టము చేయుటకు ఆ సభకు అధికారము లేదని 1954లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. ప్రైవేటు విద్యుత్తు నిన్న మొన్న పుట్టిన వింత యనువారికిగాని, జాతీయీకరణము నల్లేరుపై బండి నడకగా సాగెననువారికిగాని ఈ తీర్పు తగిన సమాధానము.

బోర్డు పల్లెలకు తీగలు లాగినది, పంపుసెట్లు నడిపినది. కాని మీటర్లు లేక మోటారు అశ్వశక్తిని బట్టి రుసుము వసూలుచేయు పద్ధతి ఎనుబదవ దశకమున స్థిరపడిన పిమ్మట, పొలమునకు పోయిన కరెంటెంత, దొంగలపాలైనదెంత యను లెక్క దానికే తెలియరానిదయ్యెను. సంస్కరణవాదులకు ఇంతకు మించిన ఆయుధము మరి యేల?

1991లో కేంద్రము ఉత్పత్తిరంగమున ప్రైవేటువారికి తలుపులు తెరవగా, ఆ దశకము ముగియులోపున జేగురుపాడు, కాకినాడలలో వాయు విద్యుత్కేంద్రములు లేచినవి. కరెంటు తీసుకొన్నను తీసుకొనకున్నను స్థిరవ్యయమును చెల్లింపవలసిన దీర్ఘకాలపు ఒప్పందములు వానితోడనే వచ్చినవి. నా దృష్టిలో అసలైన ప్రైవేటీకరణము ఇదియే, అది సంతకముల రూపమున సద్దుచేయక జరిగిపోయెను. ఆ దశకముననే ప్రభుత్వము నియమించిన హితేన్ భయా సంఘపు సిఫారసులు, 1998 నాటి సంస్కరణ చట్టము ఒకదాని వెంట నొకటి రాగా, 1999 ఫిబ్రవరి 1న బోర్డు ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారమునకు ట్రాన్స్‌కో అను సంస్థలుగా చీలెను. ఈ సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల ఋణమిచ్చెను. మరుసటి యేట హైదరాబాదు, వరంగల్లు, తిరుపతి, విశాఖపట్నములు కేంద్రములుగా డిస్కములను నాలుగు పంపిణీ సంస్థలు పుట్టెను. వానిని ప్రైవేటువారి కప్పగించుటయే తరువాతి మెట్టు.

ఆ మెట్టు ఎక్కకుండుటకు ముఖ్యహేతువు 2000 నాటి ఛార్జీల పెంపుపై చెలరేగిన ప్రజాగ్రహమని తోచును. ఆగస్టు 28న శాసనసభ వైపు సాగిన ప్రదర్శనపై, అడిక్‌మెట్‌కు కొద్ది మైళ్ల దూరమున నున్న బషీర్‌బాగ్‌లో, పోలీసులు కాల్పులు జరుపగా మువ్వురు మరణించిరి. పొరుగున ఒరిస్సా 1999లోనే పంపిణీని అమ్మివేసెను. కటకము ప్రాంతపు పంపిణీని కొన్న అమెరికా సంస్థ ఏఈఎస్ అదేయేటి తుపాను తరువాత రెండేండ్లకే చేతులెత్తివేయుటయు మనవారికి గుణపాఠమైయుండును. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిదప డిస్కముల అమ్మకము ఊసెత్తిన నాయకుడు అరుదు. 2016లో జేగురుపాడు మొదటి దశ కేంద్రమును ఆంధ్ర డిస్కములే కొనుటతో గాలి ఎదురు దిశకు వీచెననవచ్చును.

డిస్కములు ప్రజలవిగా నిలిచినను వాని నష్టములు కూడ ప్రజలవే గదా! రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఛార్జీలను నిర్ణయించుటకు ముందు బహిరంగ విచారణ జరుపును. సామాన్య వినియోగదారుడును అభ్యంతరములు వ్రాసి పంపవచ్చును. విశ్వవిద్యాలయ విద్యార్థులైనను కొనుగోలు ఒప్పందముల లెక్కలు చదివి ఆ విచారణలకు హాజరగుదురు గాక.