జపాన్ దెయ్యం: రంగస్థలం నుంచి తెర దాకా

దెయ్యాల కథ అనగానే మూఢవిశ్వాసమని తోసిపుచ్చడం అభ్యుదయ విమర్శకులలో చాలామందికి అలవాటు. దెయ్యాలు లేవన్న మాట నిజమే. కాని లేని దెయ్యాన్ని ఒక సమాజం ఎందుకు కల్పించుకుంది, ఎవరి మీదికి ఉసిగొల్పింది అన్నది సాహిత్య చరిత్ర అడగవలసిన ప్రశ్న. జపాన్ భయానక చిత్రాల చరిత్ర చూస్తే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ఆ చిత్రాల మూలాలు రెండు నాటక సంప్రదాయాలలో ఉన్నాయి. మొదటిది 'నో'. 14, 15 శతాబ్దాలలో జెయామి దాన్ని తీర్చిదిద్దాడు. షోగున్ యోషిమిత్సు అతని పోషకుడు. ఇందులో ప్రేతం తరచు యుద్ధంలో చచ్చిన వీరుడో, ఆస్థానపు స్త్రీయో అయి ఉంటుంది. దారినపోయే బౌద్ధ సన్యాసికి గోడు చెప్పుకుని విముక్తి కోరుతుంది. రెండవది పట్టణ ప్రజల 'కబుకి'. ఇక్కడి ప్రేతం ముక్తి అడగదు, లెక్క అడుగుతుంది.

1825లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఆడిన 'యోత్సుయా కైదాన్' ఇందుకు ఉదాహరణ. రచయిత నాలుగవ త్సురుయా నంబోకు అద్దకం పనివాడి కొడుకు. ప్రభుభక్తిని కీర్తించే 'చూషింగురా'తో కలిపి ఈ నాటకాన్ని ప్రదర్శించారు. అక్కడ ప్రభువు కోసం ప్రాణాలిచ్చే సమురాయిలు. ఇక్కడ అదే కొలువు పోగొట్టుకుని గొడుగులు చేసుకు బతికే ఇయెమోన్. పొరుగున ఉన్న కలవారి పిల్ల అతన్ని కోరుతుంది. ఆ ఇంటివారు మందు పేరుతో పంపిన విషానికి బాలింత అయిన అతని భార్య ఓయివా ముఖం వికృతమై, దువ్వితే జుట్టు ఊడివచ్చి, ఘోరంగా చనిపోతుంది. పాత యజమాని జబ్బు కోసం మందు దొంగిలించిన పనివాడు కొహెయ్‌ని ఇయెమోన్ చంపుతాడు. ఇద్దరి శవాలనూ ఒకే తలుపు చెక్కకి చెరోవైపు మేకులు కొట్టి నదిలో వదులుతాడు. భార్య ఒకవైపు, సేవకుడు ఒకవైపు! తొలి ప్రదర్శనలో ఈ రెండు పాత్రలనూ మూడవ ఒనొయె కికుగొరో ఒక్కడే ధరించాడు. బతికుండగా ఫిర్యాదు చెప్పుకునే చోటు లేనివాళ్ళకి ప్రేతాలయ్యాకే నోరు వచ్చిందన్నమాట.

ఈ కథ ఎన్నోసార్లు సినిమాగా వచ్చింది. 1949లో కినోషితా కేయిసుకె తీసిన చిత్రంలో దెయ్యం ఇయెమోన్ అపరాధభావం పుట్టించిన భ్రమ మాత్రమే. ఇది హేతుబద్ధమే, కాని ఫిర్యాదు హతురాలి చేతిలోంచి హంతకుడి మనసులోకి వెళ్ళిపోయింది. 1959లో నకగావా నొబువొ ఓయివాని నిజమైన ప్రేతంగానే తిరిగి తెచ్చాడు. దెయ్యాన్ని తీసెయ్యగానే కళ అభ్యుదయకరమైపోదని ఈ రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

షిండో కనెతో 'ఒనిబాబా' (1964) మరో దారి తొక్కింది. అంతర్యుద్ధ కాలంలో ఆకలితో ఉన్న అత్తాకోడళ్ళు దారితప్పిన సమురాయిలని చంపి, వాళ్ళ కవచాలు అమ్ముకు బతుకుతారు. ఒక సమురాయి నుంచి తీసుకున్న నో నాటకపు రాక్షసి ముసుగు అత్త ముఖానికి అతుక్కుపోతుంది. ముసుగు పగలగొట్టాక బయటపడ్డ పుండ్ల ముఖానికి షిండో అణుబాంబు బాధితుల ముఖాలను నమూనాగా తీసుకున్నాడు. అతను పుట్టింది హిరోషిమాలో.

1998 నాటి 'రింగు'లో సదాకో తెల్లబట్టలతో, ముఖం కప్పిన జుట్టుతో బావిలోంచి వస్తుంది. పళ్ళెం పోయిందన్న నేరానికి చంపి బావిలో పడేసిన పనిపిల్ల ఒకికు పాత కథలో ఉంది. ఒకికు తనని చంపిన ఇంటినే పీడించింది. సదాకో శాపం మాత్రం వీడియో టేపు చూసిన ప్రతివాడికీ తగులుతుంది. తప్పించుకునే దారి ఒక్కటే: టేపుకి నకలు తీసి ఇంకొకరికి చూపించడం. నేరస్థుడు కనుమరుగై, తర్వాతి బాధితుడు మాత్రమే మిగిలాడు. ఎవరి నష్టాన్ని వాళ్ళు పక్కవాడి మీదికి తోసి బయటపడమనే మార్కెట్ నీతికి ఇంతకన్నా భయంకరమైన రూపం ఏముంటుంది?

కాబట్టి దెయ్యం కథ చదివేటప్పుడు భయపడ్డామా లేదా అన్నది చిన్న విషయం. చచ్చింది ఎవరు, చంపింది ఎవరు, కథ చివర లెక్క ఎవరి దగ్గర తేలింది? సాహిత్య విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు ఇవి.